రొట్టెలు ఎన్ని చేయాలి?
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మా సంఘం పది మందిమి కలిసి జొన్నరొట్టెల సెంటర్ నడుపుతున్నాం. రొట్టె ధర 15 రూపాయలు. పిండి, గ్యాసు, కవరు కలిపి 9 రూపాయలు పడుతుంది. అమ్మితే 6 మిగులుతుంది, మిగిలిపోతే 9 పోతుంది. మొదట్లో రోజూ 220 చేసేవాళ్లం. మిగిలినవి తలా కొన్ని ఇంటికి పట్టుకుపోయి పిల్లలకు పెట్టాం, చివరికి బర్రెలకు వేశాం. అప్పు వాయిదా మాత్రం ఆగదు కదా! రెండు నెలలు పొదుపు డబ్బులోంచి కట్టాం. మాలో మాకే మాటలు పెరిగాయి.

మా సంఘం అక్క కూతురు డిగ్రీ చదువుతోంది. పేపర్లు అమ్మేవాడి లెక్క అని ఒకటుందని చెప్పింది. పొద్దున కొన్న పేపరు సాయంత్రానికి చిత్తు కాగితం, మన రొట్టె లాగే. 1888లోనే ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త బ్యాంకులో ఎంత నగదు ఉంచాలో ఇలాంటి లెక్కతోనే చెప్పాడట. మన దగ్గర వాయిదా వసూలు చేసే బ్యాంకుకూ ఇదే తిప్పలన్నమాట!

లెక్క ఇది. ఒక రొట్టె తక్కువైతే పోయే లాభం 6. ఎక్కువైతే పోయేది 9. రెండూ కలిపితే 15. 6ని 15తో భాగిస్తే పదిలో నాలుగు వంతులు. పది రోజుల గిరాకీని చిన్న అంకె నుంచి పెద్ద అంకె వరకు వరుసగా రాస్తే, నాలుగోది పట్టుకోవాలి.

కానీ మా పుస్తకంలో అమ్మినవే ఉన్నాయి. అయిపోయాక వచ్చి వెనక్కి పోయినవాళ్ల లెక్క లేదు. అప్పటి నుంచి వాళ్లు ఎన్ని అడిగారో కూడా గీతలు గీసి పెట్టాం. అంగడి రోజు వేరే పేజీ. పది మామూలు రోజులు ఇలా వచ్చాయి: 120, 140, 150, 160, 170, 180, 190, 200, 210, 240. నాలుగోది 160.

220 చేస్తే ఆ పది రోజులకు మిగిలేది 6,300. 160 చేస్తే 8,550. మేం రెండుసార్లు కూడి చూశాం, నమ్మబుద్ధి కాలేదు.

మా పెద్దక్క ఒప్పుకోలేదు. "వాకిట్లకొచ్చినోళ్లను లేదని పంపుడేందే?" అంది. ఆ మాటా నిజమే. రెండుసార్లు వట్టి చేతులతో పోయినవాడు మూడోసారి రాడు, అది ఈ లెక్కకు తెలియదు. మళ్లీ కూర్చుని చూస్తే 170 చేసినా మిగిలేది 8,550 రూపాయలే. అందుకే 170 పెట్టుకున్నాం. ఇప్పుడు వాయిదా రొట్టెల డబ్బుతోనే కడుతున్నాం.

సకినాలకు ఇదే అంకె పెట్టకండి. అవి నిలవుంటాయి, మిగిలినా నష్టం తక్కువ. కాబట్టి వరుసలో ఇంకా పైకి పోవచ్చు. మా గీతల పుస్తకం వెంట తెచ్చాం, భోజనాలప్పుడు చూడండి.