కర్ణం కొలిచారా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జ్ఞాపకాలు చెప్పమని పిలిచి, చివర్లో "ఇంజనీరువి కదా, పదిమందికి పనికొచ్చేది ఒకటి చెప్పు" అన్నారు నిర్వాహకులు. మన బ్యాచ్‌లో చాలామంది రిటైర్మెంటు డబ్బులతో ఇల్లు కొనాలని చూస్తున్నారు. అందుకని నేను ఇల్లు కొని దెబ్బతిన్న సంగతే చెబుతాను.

ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు మాకు టేపు ఇచ్చి మైదానం కొలవమన్నారు. నాలుగు పక్కలూ కొలిచి తెచ్చాం. "కర్ణం కొలిచారా?" అని అడిగారు. "కరణం గారు ఊళ్లో లేరండి" అన్నాడు మావాడొకడు. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది, అది అంతకు ముందు మాట. అందరూ నవ్వాక, మాస్టారు నాలుగు వెదురు పుల్లలను మూలల్లో దారంతో కట్టి ఒక పక్కకు నొక్కారు. ఏ పుల్ల పొడవూ మారలేదు. లోపలి జాగా మాత్రం తగ్గిపోయింది.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడాది, 2015లో, విశాఖపట్నంలో పాత డాబా ఇల్లు కొన్నాను. దస్తావేజులో 40 అడుగులు, 60 అడుగులు, 266 గజాలు. ముప్పై ఏళ్లకు ఈసీ తీయించాను. లాయరు చూశారు, బ్యాంకు లోను ఇచ్చింది. ఇంకేం కావాలి అనుకున్నాను. మన ఊళ్లో నూలు వడికే అమ్మలు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేసుకుని గానీ ఏకు చుట్టరు. ఉద్యోగంలో కొలతల పుస్తకం చూడకుండా ఒక్క బిల్లు మీదా సంతకం పెట్టని నేను, అమ్మేవారు తెలిసినవారని టేపు తీయలేదు. వాళ్లావిడ కాఫీ ఇస్తుంటే గోడలు కొట్టి చూడటం ఏం బాగుంటుంది? నా మొహమాటం అదీ.

మూడేళ్లకు వెనక రెండు గదులు వేద్దామని లైసెన్స్‌డ్ సర్వేయరును పిలిచాను. నాలుగు పక్కలూ దస్తావేజు ప్రకారమే ఉన్నాయి. కర్ణాలు రెండూ 72 అడుగులు రావాలి కదా? ఒకటి 63, ఇంకొకటి 80 వచ్చాయి. స్థలం ఒరిగి ఉంది. వెనక అరటి చెట్లు, రేకుల షెడ్డు ఉండటంతో నా కంటికి ఆనలేదు. లెక్క కడితే 257 గజాలు. తొమ్మిది గజాలకు డబ్బు కట్టాను గానీ, ఆ తొమ్మిది గజాలు భూమి మీద లేవు. ఎవరూ మోసం చేయలేదు. ఎప్పుడో ఒకరు నలభైని అరవైతో గుణించి రాశారు, ఆ తరువాత ప్రతి దస్తావేజులోనూ అదే దింపారు. నాకు అమ్మినాయనా అంతే డబ్బు కట్టి కొన్నారు.

ఆ నష్టం డబ్బుతో పోయింది. ఆ ఏడు వానల్లో ఒక తెల్లవారుజామున అమ్మ పడుకునే గదిలో స్లాబు పెచ్చు ఊడి మంచం మీద పడింది. అమ్మ అప్పుడే లేచి వాకిట్లోకి వెళ్లింది. సముద్రపు ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టింది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, కాంక్రీటును తోసేస్తుంది. పైన కొత్త పూత, కొత్త రంగు. చిన్న సుత్తితో తట్టినా డొల్ల చప్పుడు వినిపించేది. రీబౌండ్ హ్యామర్, కవర్ మీటర్ తెచ్చే మనిషిని పెట్టుకుంటే ఒక పూట పని.

ఈసీ ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చెబుతుంది, గోడ ఎక్కడుందో చెప్పదు. బ్యాంకు వేయించే వాల్యుయేషన్ బ్యాంకు అప్పు కోసం. ఇంగ్లండులో కొనేవాళ్లు అది కాక తమ తరఫున వేరే సర్వేయరుతో ఇల్లు చూపించుకుంటారు. మన దగ్గర సర్వే నంబరు ఉన్న స్థలమైతే ఎఫ్‌ఎంబీ నకలు తీయండి. పాతవాటిలో కొలతలు లింకుల్లో ఉంటాయి, లింకంటే 7.92 అంగుళాలు. ఎఫ్-లైన్‌కు దరఖాస్తు పెడితే సర్వేయరు పక్కవాళ్లకు నోటీసులిచ్చి, వాళ్ల ఎదుటే హద్దులు చూపిస్తాడు. పాత వీధుల్లో గ్రామకంఠం ఇళ్లకు మాత్రం ఎఫ్‌ఎంబీలో విడివిడి కొలతలు ఉండవు. అక్కడ నాలుగు వైపుల వాళ్లనూ పిలిచి, కొలిచి, కాగితం మీద సంతకాలు తీసుకున్నాకే బయానా ఇవ్వండి. అమ్మేవాళ్లు నొచ్చుకుంటారంటారా? నా పేరు చెప్పండి, నేనే కొలవమన్నానని.

మాస్టారు ఈ రోజు ముందు వరుసలోనే ఉన్నారు. పొద్దున్న కాళ్లకు దండం పెడితే, "విశాఖలో ఇల్లు కొన్నావట కదరా" అన్నారు. అవునండీ అని ఊరుకున్నాను. మిగతాది ఆయన ఇప్పుడే విన్నారు.