అది వంశదోషం కాదు



మా తమ్ముని కుమారునికి 32వ యేట చిగుళ్ల నుండి నెత్తురు కారసాగింది. తీవ్రమైన రక్తక్యాన్సరని, అందులోనూ క్రోమోజోముల మార్పు వలన కలిగే రకమని వైద్యురాలు అనుమానించారు. వంశదోషం బయటపడితే ఇంటి ఆడపిల్లలకు సంబంధాలు రావని నేను భయపడ్డాను. "అమావాస్య దాటిన పిదప ఆస్పత్రిలో చేర్చుదాం" అన్నాను. యాభై ఏళ్లు శాస్త్రపాఠం చెప్పిన నోట వెలువడిన ఆ మాటకు నేటికీ సిగ్గుపడుతున్నాను.

"శాస్త్రిగారూ, ఈ మార్పు తల్లిదండ్రుల నుండి వచ్చినది కాదు. పుట్టిన తరువాత మూలుగలోని కణంలో ఏర్పడినది. పిల్లలకు సంక్రమించదు. ఆలస్యమైతే మాత్రం రక్తస్రావం ప్రాణం తీస్తుంది" అన్నారామె. పరీక్షాఫలం రాకముందే, ఆ రాత్రే మాత్రలు ఆరంభించారు. 15, 17 క్రోమోజోములు తమ ఖండాలను మార్చుకున్నాయని తరువాత తేలింది.

పూర్వం అతివేగంగా ప్రాణం హరించిన వ్యాధి ఇది. నేడు ఎ విటమిన్ సంబంధమైన మందుతోను, ఆర్సెనిక్ అనే పాషాణంతోను అధికసంఖ్యాకులు స్వస్థులవుతున్నారు. 9, 22 క్రోమోజోముల మార్పు గలవారికీ ఒకప్పుడు ఆశ స్వల్పం. ఇప్పుడు దానికి తగిన మాత్రలున్నాయి. కొన్ని మార్పులు నేటికీ కఠినమైనవే. అట్టివారికి మూలుగమార్పిడి అవసరమా అన్నది నిర్ణయించడానికీ ఈ పరీక్షే ఆధారం.

మావాడు ఈ యేడు స్వామివారి పల్లకి మోశాడు. మ్రొక్కుకోండి, తప్పక మ్రొక్కుకోండి. కానీ వైద్యుని వద్దకు వెళ్లడానికి ముహూర్తం చూడకండి.

స్వస్తి.