ఒక కాన్పు, ఇద్దరు పిల్లలు, ఒకే సెలవు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మామూలుగా కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ప్రసూతి సెలవు గురించి మాట్లాడతానని చెప్పగానే మన కార్యదర్శిగారు నవ్వి, "ఇప్పుడు మనలో ఆ సెలవు ఎవరికి కావాలండీ?" అన్నారు. నిజమే, మనకు అక్కరలేదు. మన కూతుళ్లకు, కోడళ్లకు, మనవరాళ్లకు కావాలి. వాళ్లకు ఆ సెలవు చాలకపోతే లోటు పూడ్చేది మనమే. అందులోనూ కవలలు పుట్టిన ఇంట్లో ఆ లోటు రెట్టింపు. అందువల్ల ఇది పెన్షనర్ల విషయమేనని మనవి చేస్తున్నాను.

నా సర్వీసులో ఎక్కువ కాలం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో గడిచింది. సెలవు దరఖాస్తులు చూడటం, ఫండమెంటల్ రూల్స్ తిరగేయడం, సర్వీసు రిజిస్టర్లలో ఎంట్రీలు వేయడం నా పని. కాబట్టి ముందు రూలు ఏం చెబుతుందో చూద్దాం.

ప్రైవేటు సంస్థల్లో పనిచేసే స్త్రీలకు 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 12 వారాల సెలవు ఇచ్చింది. 2017లో సవరణ చేసి మొదటి ఇద్దరు పిల్లల వరకు దాన్ని 26 వారాలు చేశారు. ఇద్దరు పిల్లలు ఉన్న తర్వాత వచ్చే కాన్పుకు 12 వారాలే. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. వారాల లెక్క మాత్రం మారలేదు. ఇక కేంద్ర ప్రభుత్వోద్యోగినులకు 1997లో 90 రోజులను 135 చేశారు, 2008లో 180 చేశారు. మన రాష్ట్రంలో 2010లో 180 రోజులు వచ్చింది.

ఈ లెక్కలన్నింటిలోనూ ఒక్క బిడ్డ పుట్టినా, ఇద్దరు పుట్టినా, ముగ్గురు పుట్టినా సెలవు ఒకటే. కాన్పు ఒకటి గనుక సెలవు ఒకటి అంటుంది రూలు. సరే, అలాగే అనుకుందాం. కానీ రెండో కాన్పు వచ్చేసరికి అదే రూలు మాట మారుస్తుంది. "నీకు ఇప్పటికే ఇద్దరు పిల్లలు ఉన్నారు గదా" అంటుంది. అంటే సెలవు ఇచ్చేటప్పుడు కాన్పులు లెక్కపెడతారు, సెలవు ఆపేటప్పుడు పిల్లలను లెక్కపెడతారు. ఒకే ఫైలులో రెండు రకాల లెక్కలు వేస్తే మన రోజుల్లో ఆడిట్ వారు ఊరుకునేవారా?

కూడికలోకి దించి చూద్దాం. ఒక కేంద్ర ప్రభుత్వోద్యోగినికి మూడేళ్ల ఎడంతో ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆమెకు 180, మళ్లీ 180, మొత్తం 360 రోజులు. భర్త కూడా కేంద్రోద్యోగి అయితే అతనికి పితృత్వ సెలవు 15, మళ్లీ 15. పక్క సీటులో ఉన్న ఆమెకు ఒకే కాన్పులో ఇద్దరు పుట్టారు. ఆమెకు 180, భర్తకు 15, అంతటితో సరి. పిల్లలు అక్కడా ఇద్దరే, ఇక్కడా ఇద్దరే.

ఈ విషయం న్యాయస్థానాల దాకా వెళ్లింది. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలో పనిచేసే ఒక ఉద్యోగినికి మొదటి కాన్పులో కవలలు. రెండో కాన్పుకు సెలవు అడిగితే ఇవ్వలేదు. మద్రాసు హైకోర్టులో ఏకసభ్య ధర్మాసనం ఆమెకు అనుకూలంగా చెప్పింది. 2020లో ద్విసభ్య ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. కవలలు ఒకరి తర్వాత ఒకరు పుడతారు గనుక తర్వాత పుట్టేది మూడో బిడ్డే అవుతుందని ఆ తీర్పు సారాంశం. ఆ తర్వాత 2025 మేలో సుప్రీం కోర్టు తమిళనాడు ఉపాధ్యాయిని కేసులో వేరే దారి చూపింది. అది కవలల కేసు కాదు గానీ, మూడో బిడ్డ కాన్పుకు సెలవు నిరాకరించిన సందర్భం. ప్రసూతి సెలవు స్త్రీ పునరుత్పత్తి హక్కులలో భాగమని, ఇద్దరు పిల్లల నియమాన్నీ ఈ హక్కునూ సమన్వయం చేసి చూడాలని కోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కూడా 2025 మార్చిలో, పిల్లల సంఖ్యతో నిమిత్తం లేకుండా ప్రతి కాన్పుకూ సెలవు ఇస్తామని ప్రకటించారు. సంతోషమే. అయితే దానివల్ల తర్వాతి కాన్పుకు తలుపు తెరుచుకుంటుంది గానీ, కవలల తల్లికి మొదటి కాన్పులో ఒక్క రోజు కూడా పెరగదు.

"బాలింత కోలుకోవడానికే గదా సెలవు, ఒళ్లు ఒకటే గదా, ఎక్కువ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. ఇది 12 వారాల సెలవు రోజుల్లో సరిపోయే వాదన. దాన్ని 26 వారాలకు పెంచింది తల్లి కోలుకోవడానికి మాత్రమే కాదు, బిడ్డను చూసుకోవడానికి కూడా. ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ పట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పుట్టిన బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. ఇద్దరికి 16 నుంచి 24 సార్లు. ఒక్కోసారికి అరగంట వేసుకున్నా 8 నుంచి 12 గంటలు పాలు పట్టడానికే పోతుంది. ఇక ఆ తల్లి ఎప్పుడు తినాలి, ఎప్పుడు పడుకోవాలి? బిడ్డ సంరక్షణ కోసం సెలవు అన్నప్పుడు బిడ్డలు ఎందరో కూడా చూడాలి గదా.

పైగా కవలలలో సుమారు సగం మంది నెలలు నిండకుండానే పుడతారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. మా రెండో అమ్మాయి ప్రైవేటు కళాశాలలో లెక్చరరు. 2022లో 33వ వారంలోనే కాన్పు అయింది. పిల్ల కిలో ఏడు వందలు, పిల్లవాడు కిలోన్నర. కాన్పుకు ముందు మూడు వారాలు మంచం దిగవద్దన్నారు. పుట్టాక పిల్లలు 26 రోజులు ఆసుపత్రిలోనే ఉన్నారు. 182 రోజుల సెలవులో ఇంటికి చేరేనాటికి మిగిలింది 135 రోజులు. నెలలు నిండని పిల్లలు గనుక ఎదుగుదలలో మరో ఏడు వారాలు వెనకే ఉంటారని డాక్టరుగారు చెప్పారు. సెలవుకు ఆ లెక్క తెలియదు.

నెలలు నిండని కాన్పు వల్ల ఇబ్బంది కలిగితే డాక్టరు సర్టిఫికెట్ మీద మరో నెల వరకు జీతంతో సెలవు ఇవ్వాలని 1961 చట్టం 10వ సెక్షన్‌లో ఉంది. కళాశాల వారు అలాంటిది లేదన్నారు. సెక్షన్ నంబరు వేసి, సర్టిఫికెట్ జతచేసి మళ్లీ దరఖాస్తు రాయించాను. ఈసారి మంజూరు చేశారు. ఆ సదుపాయం కొత్త కోడ్‌లోనూ ఉంది. ఎవరికైనా అవసరమైతే మరచిపోవద్దని కోరుతున్నాను.

ఆ నెల కూడా అయిపోయాక అమ్మాయి ఉద్యోగంలో చేరింది. అక్కడి నుంచి డ్యూటీ మాది. మన ఆచారం ప్రకారం పురిటికి వచ్చిన పిల్లను మూడో నెలలోనో అయిదో నెలలోనో సారెతో అత్తవారింటికి పంపుతాం. మేము పిల్లతోపాటు మా పెట్టెలు కూడా సర్దుకుని వెళ్లాం. పద్నాలుగు నెలలు అక్కడే ఉన్నాం. రాత్రి పదకొండు నుంచి రెండు దాకా నాది, రెండు నుంచి అయిదు దాకా మా శ్రీమతిది. ఎవరికి ఎప్పుడు పాలు పట్టామో, ఎవరికి మందు వేశామో నోటు పుస్తకంలో రాసేవాళ్లం. లేకపోతే ఒకరికే రెండుసార్లు వేసే ప్రమాదం ఉంది. వియ్యపురాలుగారు పండుగలకు వచ్చి నెలేసి రోజులు మాకు విశ్రాంతి ఇచ్చేవారు. మా శ్రీమతి కంటి శుక్లాల ఆపరేషన్ ఎనిమిది నెలలు వాయిదా పడింది. ఆమె ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. మనవలను ఎత్తుకోవడం మాకు భారం కాదు, అదొక భాగ్యం. కానీ ఒక విషయం గమనించండి. చట్టం ఇవ్వని సెలవును ఆ ఇంట్లో తాతా అమ్మమ్మా తమ ఆరోగ్యంలోంచి, తమ పెన్షన్‌లోంచి ఇస్తున్నారు. తాతా అమ్మమ్మా లేని ఇంట్లో, లేదా ఉన్నా మంచాన పడి ఉన్న ఇంట్లో, ఎవరిస్తారు? అక్కడ తల్లి ఉద్యోగం మానేస్తుంది. మన ఇరుగు పొరుగులో అలాంటివారు మీకు తెలిసే ఉంటారు.

ఇతర దేశాలు ఈ లెక్కను వేరుగా వేశాయి. ఫ్రాన్సులో మొదటి బిడ్డకు 16 వారాలు, కవలలకు 34, ముగ్గురైతే 46. పోలెండులో ఒక బిడ్డకు 20 వారాలు, కవలలకు 31. జర్మనీలో కాన్పు తర్వాత తప్పనిసరి విశ్రాంతి 8 వారాలైతే, కవలలకు 12. స్వీడన్‌లో తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల భత్యం ఉంది, కవలలకు మరో 180 రోజులు కలుపుతారు. అన్ని దేశాలూ ఇలా లేవు. బ్రిటన్‌లో కవలలకు అదనపు సెలవు లేదు. మన పిల్లలు ఎక్కువగా ఉన్న అమెరికాలో 1993 నాటి కేంద్ర చట్టం ప్రకారం 12 వారాలు, అదీ జీతం లేకుండా. అందుకే గదా మనలో చాలామంది మందుల సంచీ పట్టుకుని ఆరు నెలలకు విమానం ఎక్కుతున్నది.

ఇక మనం చేయదగిన పనులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, ఉన్న రూలును పూర్తిగా వాడుకునేలా పిల్లలకు చెప్పడం. ఇది మనకు బాగా వచ్చిన విద్య. కేంద్రోద్యోగినులు ప్రసూతి సెలవుకు కొనసాగింపుగా తమకు జమ ఉన్న ఇతర సెలవులను రెండేళ్ల వరకు కలుపుకోవచ్చు. వారికి సర్వీసు మొత్తం మీద 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకు 80 శాతం. తెలంగాణలో 2016 నుంచి ఈ సెలవు 90 రోజులు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో 60 రోజులుగా మొదలై 2022లో 180 అయింది. కవలలకు టీకాలు, జ్వరాలు, పదో తరగతి పరీక్షలు అన్నీ ఒకేసారి వస్తాయి గనుక దీన్ని మొదట్లోనే ఖర్చు చేసుకోకుండా పొదుపుగా వాడుకోమనండి. ప్రైవేటులో 50 మంది లేక అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి పిల్లలను చూసుకోవచ్చు. ఉద్యోగంలో చేరేముందే ఈ సంగతి కనుక్కోమనండి.

రెండవది, పెద్దవాళ్ల జాగ్రత్త. రెండు వైపుల తాతా బామ్మా, తాతా అమ్మమ్మా ముందుగానే కూర్చుని వంతులు నిర్ణయించుకోవాలి. అల్లుడుగారికి, కొడుకుకు కూడా రాత్రి వంతు ఉండాలి. మన బీపీ బిళ్లలు, మన ఆపరేషన్లు వాయిదా వేయకూడదు. మనం పడిపోతే ఆ తల్లికి చూసుకోవలసినవారు ముగ్గురవుతారు.

మూడవది, ఈ సభ ఒక తీర్మానం చేసి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకు పంపాలని ప్రతిపాదిస్తున్నాను. ఒకే కాన్పులో పుట్టిన ప్రతి అదనపు బిడ్డకు తల్లికి మరో 60 రోజులు, తండ్రికి మరో 15 రోజులు సెలవు ఇవ్వాలి. అర్హత చూసేటప్పుడు పిల్లలను కాక కాన్పులను లెక్కించాలి. కవలల కాన్పులు మొత్తం కాన్పుల్లో చాలా కొద్ది. ఖజానాకు పడే భారం స్వల్పం. ఆ కొద్ది ఇళ్లలో మాత్రం ఒక స్త్రీ ఉద్యోగం నిలబడటమో పోవటమో దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

ఇందులో మనకు పైసా లాభం లేదు. అందుకే మనం అడిగితే ప్రభుత్వం ఆలకిస్తుందని నా ఆశ. తీర్మానాన్ని మీరందరూ కరతాళ ధ్వనులతో బలపరచవలసిందిగా కోరుతూ, సెలవు గురించి ఇంతసేపు ఓపికగా విన్న మీ వద్ద సెలవు తీసుకుంటున్నాను.