1/70 వెనక ఉన్న ఇళ్లు

 

ఈ ఉపన్యాసాన్ని కోరన్న, మంగన్నల స్మృతికి అంకితమిస్తున్నాను. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం సభ. ఆ సభకు వెళ్తున్న జనాన్ని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించారు. తుపాకీ పేలింది, ఈ ఇద్దరూ ప్రాణాలు విడిచారు. శ్రీకాకుళ పోరాటం గురించి ఎవరు రాసినా వీళ్ల పేర్లతోనే మొదలుపెడతారు. రెండు వాక్యాలు కాగానే దళాల వెంట కొండెక్కిపోతారు. నేనివాళ కొండెక్కను. వెనక మిగిలిన ఇళ్ల దగ్గరే నిలబడి మాట్లాడతాను.

ముందు అప్పు సంగతి. కొండజాతుల భూమి ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా బయటివాళ్ల చేతికి పోకూడదని 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదని, మొత్తం వడ్డీ అసలును మించకూడదని కూడా అందులో ఉంది. చట్టం మద్రాసులో ఉండిపోయింది, తక్కెడ షావుకారి చేతిలో ఉండిపోయింది. సవర ఆడమనిషి గంపెడు చింతపండు సంతకు మోసుకొస్తే, ఉప్పుకీ కిరసనాయిలుకీ గుడ్డకీ అయిన పాత బాకీ కోసుకుని, మిగిలితే ఏదో ఇంత చేతిలో పెట్టేవారు. బాకీ మాత్రం తరిగేది కాదు. చివరికి పల్లపు భూమి పోయేది. నిన్నటిదాకా తనదైన ఆ మడిలోనే ఇంటి మగవాడు కంబారిగా, అంటే పాలేరుగా, చేరేవాడు.

ఈ లెక్కను నిలదీయడం నేర్పింది ఇద్దరు బడిపంతుళ్లు: సత్యం అని పిలిచే వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం. గిరిజన సంఘం తొలినాళ్లలో అడిగినవన్నీ ఇల్లు గడవడానికి కావలసినవే. కంబారి జీతం పెంచమన్నారు. వెట్టి వద్దన్నారు. అడవి సరుకుకు సరైన ధర కట్టమన్నారు, తాకట్టులో పోయిన భూమిని తిరిగిమ్మన్నారు. లేవిడి కేసులో నిందితులు 1968లో నిర్దోషులుగా బయటికొచ్చాక, ఇక అడిగి లాభం లేదన్న మాట బలపడింది. ఆ ఏడు నవంబరులోనే మైదానంలో గరుడభద్ర దగ్గర, ఏజెన్సీలో పెదగొట్టిలి దగ్గర సాయుధ పోరాటానికి తెర లేచింది.

1969లో ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు, సాయుధ బలగాలు దిగాయి. కొండ బతుకు మూడు దారుల మీద నడుస్తుంది. పోడు పంటకు కాపలా ఉండాలి, అడవి సరుకుకు వెళ్లాలి, వారానికోసారి సంతకు దిగాలి. ఈ మూడింట్లో ఏది మూసుకున్నా ఇంట్లో గంజికి కరువే. మగవాళ్లు కొందరు అడవిలో, కొందరు జైల్లో ఉంటే, దళానికి బువ్వ పెట్టావా అని అడిగే పోలీసు ముందూ, బువ్వ పెట్టమని వచ్చే దళం ముందూ నిలబడాల్సింది ఆడవాళ్లే.

ఇంకో మాట కూడా చెప్పాలి. వర్గశత్రు నిర్మూలన పేరిట షావుకార్లు, భూస్వాములు హతమయ్యారు. ఆ ఇళ్లలోనూ భార్యలున్నారు, పసిపిల్లలున్నారు. వాళ్ల దుఃఖాన్ని దాటవేసి రాసే చరిత్ర సగం చరిత్రే.

ఇక మైదానం వైపు ఇళ్లకు వద్దాం. ఉద్దానంలోని బొడ్డపాడు మీకందరికీ తెలిసిన ఊరు. ఆ ఊరి గుడిలో అర్చకత్వం చేసిన సుబ్బారావు పాణిగ్రాహి, గ్రామదేవతల పండగల్లో వినిపించే జముకును చేతిలోకి తీసుకున్నాడు. చిన్న వాయిద్యం అది. ఒకవైపు తోలు, తోలుకు కట్టిన తీగ. చంకలో బిగించి తీగను మీటితే ఆ నాదం మనిషి గొంతుతో పాటే లేస్తుంది, దిగుతుంది. దాని మీద అతను అమ్మవారి కథకు బదులు అప్పు కథ, భూమి కథ చెప్పాడు. అదే ప్రాంతం నుంచి వచ్చిన పంచాది కృష్ణమూర్తిని 1969 మే నెలలో కాల్చి చంపారు. ఆయన భార్య నిర్మల తానూ దళంలో నడిచి, అదే ఏడు డిసెంబరులో పాణిగ్రాహితో పాటు ప్రాణం విడిచింది. ఏడు నెలల తేడాతో ఒకే ఇంట రెండు చావులు.

1970 ఫిబ్రవరి 3న 1959 నాటి భూబదలాయింపు నిబంధనను సవరిస్తూ 1/70, అంటే 1970 నాటి ఒకటో నిబంధన, అమల్లోకి వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ బదిలీ కాకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి సైతం గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి, కాదంటే రుజువు చూపాల్సింది అతనే. 1917 నుంచి సాక్ష్యం వెతుక్కోలేక ఓడిన కుటుంబాలకు ఈ ఒక్క మార్పు ఎంత పెద్దదో ఆలోచించండి. ఆ అలజడే లేకపోతే ఆ ఏడు ఆ సవరణ వచ్చేది కాదని నా నమ్మకం. అయిదు నెలలకే, జూలై 10న, బోరి కొండల్లో సత్యం, కైలాసం హతమయ్యారు. పోరాటంలో ఉన్నవాళ్ల మీద పెట్టిన పార్వతీపురం కుట్రకేసు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగింది.

పోరాటం అణగారింది, చట్టం నిలిచింది. 1988లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1997లో సమత కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలోని సర్కారు భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వడం కూడా చెల్లదని తీర్పు చెప్పింది. బొర్రా కొండల కోసం నడిచిన ఆ కేసుకు ఆధారం ఈ నిబంధనే.

అయితే మన పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎన్నో సవర, జాతాపు ఊళ్లు ఇప్పటికీ షెడ్యూలు బయటే ఉన్నాయి. అక్కడ 1/70 వర్తించదు. గట్టుకు ఈవల ఉన్న మడికి రక్ష, ఆవల ఉన్న మడికి లేదు. ఆ ఊళ్లను రాజ్యాంగంలోని అయిదో షెడ్యూల్లో చేర్చమని గిరిజన సంఘాలు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నాయి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చినా ఆ కోరిక తీరలేదు.

కాలేజీ పిల్లలకు నా విన్నపం ఇదే. 1969లో పదహారేళ్ల పిల్ల ఇవాళ డెబ్బై దాటిన అవ్వ. ఆమె దగ్గర కూర్చోండి. ఏ మడి పోయింది, ఎంత బాకీకి పోయింది, ఎవరి పేరుకు మారింది, అడిగి రాసుకోండి. షావుకారి ఇంటికీ వెళ్లండి, వాళ్లు చెప్పేదీ రాయండి. అది మనకు చరిత్ర అవుతుంది, షెడ్యూలు బయట ఉన్న ఊరికి రేపు సాక్ష్యమవుతుంది. ఈ ఏడే మొదలుపెట్టండి.