హృదయము నేర్పు ధర్మము



పిడికిలియంత హృదయము దినమునకు సుమారు లక్ష పర్యాయములు స్పందించును. నిమిషమునకు దాదాపు 5 లీటర్ల రక్తమును ధమనుల ద్వారా దేహమంతటికిని పంచును. సిరల వెంట మరలివచ్చిన రక్తమును ఊపిరితిత్తులకంపి, ప్రాణవాయువుతో నింపుకొని, తిరిగి పంచును.

ఇందొక వింత గలదు. తన గదుల నిండ రక్తమున్నను హృదయము దానినే నమ్ముకొని బ్రదుకజాలదు. అందరికై బయటకు పంపిన రక్తమునుండియే, సన్నని హృద్ధమనుల ద్వారా, తన పాలు గ్రహించును. అదియును ముఖ్యముగా ముడుచుకొను వేళ గాక, సడలి విశ్రమించు క్షణమునందే. దానమును ధర్మమే, విశ్రాంతియును ధర్మమే.

ఆ హృద్ధమని పూడినచో హృదయకండరము నిమిషనిమిషమునకు నశించును. కావున ఛాతీలో బరువు, చెమట, చేతికి ప్రాకు నొప్పి కలిగినపుడు “వాయువే” యనియు, “పూజ ముగియనిండు” అనియు జాగుచేయక, తక్షణము వైద్యశాలకు చేరుడు. దేహరక్షణమును దైవారాధనమే.

స్వస్తి.