దున్నిందెవరు, పట్టా ఎవరిది?
(బాలాపూర్ అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగం)



స్వేచ్ఛ, హక్కు, ఆస్తి - ఇవి పడమటి పుస్తకాల మాటలు, మనకెందుకంటారు కొందరు. ఆ మాటలతోనే మనల్ని భూమి నుంచి గెంటుతుంటే చదవకుండా ఎట్లా?

ఇంగ్లండు పండితుడు లాక్ 1689లో ఒక పుస్తకం అచ్చేయించాడు. భూమిని దేవుడు అందరికీ ఇచ్చాడు, చెమటోడ్చి దున్నినోడిది అవుతుందన్నాడు. వినసొంపుగానే ఉంది. కానీ ఆ అధ్యాయంలోనే, తన నౌకరు కోసిన గడ్డిపెళ్లలు కూడా తనవేనన్నాడు! నౌకరుది చెమట కాదా? బానిసల్ని అమ్మే కంపెనీలో వాటాలున్న మనిషి మరి.

నైజాం రాజ్యంలో మనోళ్లు అప్పు కింద భగేలా చేసి తరాలు దున్నారు. లాక్ మొదటి మాట ప్రకారం ఆ చెలకలు మనవి. పట్టాలు మాత్రం రెండో మాట ప్రకారం రాశారు. ఓటులో సమానత్వం వచ్చినా బతుకులో ఉండదని 1949 నవంబరు 25న అంబేద్కర్ హెచ్చరించింది ఇందుకే. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక ఇక్కడి భూముల ధర ఎవరిని బాగుచేసిందో మీరే చూశారు.

2013 భూసేకరణ చట్టంలో ఒక సందుంది. భూమి లేకున్నా, మూడేళ్లుగా దాని మీదే బతికే కూలీలు, కౌలుదార్లు కూడా బాధిత కుటుంబాలే. సర్వేకొచ్చినోళ్లు పట్టాదారు ఇంటికే పోతారు. మన వాడకు పిలవాలె, పేర్లు రాయించాలె, రాసింది చదివించుకొని వినాలె.