గుండెపోటు తర్వాత అసలు వైద్యం ఇంట్లోనే
(ఆదివాసీ దినోత్సవ సభలో ఒక స్టాఫ్ నర్సు ప్రసంగ పాఠం)

నేను గుండె వార్డులో స్టాఫ్ నర్సుని. ఈ రోజు ముఖ్యంగా తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

ఏటా ఆగస్టు 9న మన హక్కుల గురించి, మన భాష గురించి మాట్లాడుకుంటాం. మన భాషకూ మనవాళ్ళ ప్రాణాలకూ ఉన్న సంబంధం వార్డులో నాకు రోజూ కనిపిస్తుంది.

గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడటం. ఆస్పత్రిలో గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇస్తారు, లేదా స్టెంట్ వేస్తారు. కొద్ది రోజుల్లో మనిషి లేచి తిరుగుతాడు. "స్టెంట్ పడింది, ఇంకేం భయం లేదు" అనుకుంటాడు. కానీ స్టెంట్ పూడిన ఆ ఒక్క చోటునే తెరుస్తుంది. నాళాల్లో జబ్బు అలాగే ఉంటుంది. మిగతా వైద్యమంతా ఇంట్లో, రోజూ, ఏళ్ళ తరబడి జరగాలి.

ఆ వైద్యం నేర్పే పని ఎక్కువగా నర్సులదే. డాక్టరు రౌండ్లకు వచ్చి కొద్ది నిమిషాలుంటారు. మేం మూడు షిఫ్టుల్లో మంచం పక్కనే ఉంటాం. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. మనం తెలుగులో చెబుతాం. ఇంట్లో గోండి మాట్లాడే పెద్దాయన "సరే అమ్మా" అని తలూపుతాడు. తలూపినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. అందుకే నర్సులకు ఒక పద్ధతి నేర్పుతారు. "అర్థమైందా?" అని అడగం. "ఇంటికెళ్ళాక ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటావో నాకు చెప్పు తాతా" అంటాం. ఆయన తన మాటల్లో చెప్పేదాకా మళ్ళీ చెబుతాం.

ఇందులో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది మాత్రలు. స్టెంట్ పడ్డవాళ్ళకు రక్తంలో గడ్డ కట్టకుండా సాధారణంగా ఏడాది దాకా రెండు రకాల మాత్రలు ఇస్తారు. ఆ తర్వాత కూడా ఒకటి కొనసాగుతుంది. నొప్పి లేదని, పత్తి ఏరే రోజులని, జాతరకు వెళ్ళామని మానేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టవచ్చు. నాగోబాకు మొక్కుకోండి, మాత్ర మాత్రం ఆపకండి. పసరు మందు వాడుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి.

రెండోది పొగాకు. ఎండాకాలంలో మనం కోసే తునికాకే బీడీగా మన ఇంటికి తిరిగి వస్తుంది. గుండెపోటు వచ్చినవాళ్ళు బీడీ పూర్తిగా మానాలి. రోజుకు ఒక్కటి తాగినా ప్రమాదమే. పక్కనున్నవాళ్ళ పొగ కూడా మంచిది కాదు.

మూడోది తిండి, నడక. జొన్నరొట్టె, అంబలి, ఆకుకూర మంచివే. ఉప్పు, పచ్చళ్ళు, నూనెలో వేయించినవి తగ్గించాలి. నడక కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. "దండారిలో గుస్సాడీ ఆడొచ్చా?" అని అడుగుతారు. గుండె ఎంత బలంగా ఉందో పరీక్ష చేశాక డాక్టరే చెప్పాలి.

నాలుగోది ప్రమాద సూచన. ఛాతీలో బరువు, చెయ్యికో దవడకో పాకే నొప్పి, చెమట, ఆయాసం వస్తే వెంటనే కూర్చోవాలి. డాక్టరు రాసిచ్చిన మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. ఆడవాళ్ళలో, షుగరు ఉన్నవాళ్ళలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే రావచ్చు. వాళ్ళను "గ్యాస్" అని పడుకోబెట్టొద్దు.

ఇదంతా ఒకసారి చెబితే నిలవదు. మన దేశంలో 14 ఆస్పత్రుల్లో చేసిన ఒక పరిశోధన 2016లో అచ్చయింది. అందులో ఆరోగ్య కార్యకర్తలు గుండెపోటు రోగులను ఆస్పత్రిలో కలిశారు, తర్వాత ఇంటికీ వెళ్ళారు. ఏడాది తర్వాత చూస్తే అలా వెళ్ళినవాళ్ళ రోగులు మాత్రలు ఎక్కువ క్రమంగా వేసుకున్నారు. మంచి మాట మళ్ళీ మళ్ళీ గడప దాకా రావాలని దీని అర్థం.

ఆ గడప దాకా వెళ్ళగలిగేది మీరు. మీకు గోండి వచ్చు, ఇంగ్లీషు కాగితం చదవడం వచ్చు. మీ గూడెంలో గుండె జబ్బు ఉన్న ఇంటికి వెళ్ళండి. మాత్రల అట్ట మీద పొద్దుటి మాత్రకు సూర్యుడు, రాత్రి మాత్రకు చంద్రుడు గీయండి. అనుమానం ఉంటే ముందు ఏఎన్ఎమ్‌నో ఆశా అక్కనో అడగండి. మాత్రలు అయిపోవడానికి వారం ముందే తెప్పించండి. వానాకాలంలో వాగు పొంగే ఊళ్ళకైతే ఇంకా ముందే.

ఇంకో మాట. చెల్లెళ్ళారా, తమ్ముళ్ళారా, ఇంటర్ తర్వాత నర్సింగ్ చదవండి. మన భాషలో "నొప్పి ఎక్కడ తాతా?" అని అడిగే మనిషి ప్రతి వార్డులో ఉండాలి.

జై సేవా.